అటక మీద దొరికిన కత్తి: అలుగు ఒక దేశానిది, పిడి ఒక దేశానిది

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, చదివేవాళ్ళకు వీలుగా ఉంటుంది. నిజామాబాద్ జిల్లాలో మీ తాతగారి పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన కత్తి ఒకటి బయటపడింది. మీ మేనమామగారు అది కాకతీయుల నాటిదంటున్నారు. మీ నాయనమ్మగారు నిజాం దర్బారులో ఇచ్చిన ఇనాం అంటున్నారు. పాతకాలపు ఉక్కుకు పేరుపడ్డ కోనసముద్రం మీ ఊరికి దగ్గరే కాబట్టి అక్కడి ఉక్కుతో చేసిందేమోనని మీ అనుమానం. ఏ కాలానిది, ఎలా తేల్చుకోవాలి, తోమి శుభ్రం చేయొచ్చా, అమ్మితే ఎంత వస్తుంది అని అడిగారు.

సూటిగా జవాబు. మీ కత్తి అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, ఇంగ్లండులో తయారైంది. పిడి మన దక్కనులో తయారైంది. అలుగు బ్రిటిష్ సైన్యం 1796లో తేలికపాటి అశ్వికదళానికి పెట్టిన నమూనాది. 1796కీ 1820కీ మధ్య బర్మింగ్‌హామ్‌లో చేసి ఉంటారు. ఇనుప పిడి మామూలు తల్వార్ పిడి. ఈ రెంటినీ కలిపింది బహుశా 1820 తర్వాత, 1860 లోపు. కాకతీయులకూ దీనికీ సంబంధం లేదు. దర్బారు ఇనాం కాదు. కోనసముద్రం ఉక్కు కూడా కాదు. నిరాశపడకండి, అసలు కథ ఆ మూడింటికన్నా బాగుంటుంది.

నేను మ్యూజియం సంరక్షణ విభాగంలో ఆయుధాల మీద పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా మొదట చెప్పేది ఒకటే: కత్తికి ఒకే పుట్టినరోజు ఉండదు. అలుగు వయసు వేరు, పిడి వయసు వేరు, ఒర వయసు వేరు. అలుగు విరిగే దాకా పనికొస్తుంది. పిడి వదులైతే మారుస్తారు, ఒర చివికిపోతే కొత్తది చేయిస్తారు. కాబట్టి "ఈ కత్తి ఎప్పటిది" అన్న ప్రశ్నను మూడు ముక్కలు చేసుకుని, ఒక్కోదానికీ విడిగా జవాబు వెతకాలి. చాలామంది పిడి అందం చూసి మొత్తం కత్తికి కాలం కట్టేస్తారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

మీ అలుగు గురించి. మీరిచ్చిన కొలత 32న్నర అంగుళాలు. వంపు బాగా ఉంది. రెండు పక్కలా ఒక్కొక్క వెడల్పాటి గాడి, మొన దాకా పోకుండా కాస్త ముందే ఆగిపోతోంది. అన్నిటికన్నా ముఖ్యం, మొన వైపు వెళ్ళే కొద్దీ అలుగు సన్నబడాల్సింది పోయి వెడల్పవుతోంది. 1796 నమూనా లక్షణమే అది. బరువు ముందుకు పడి దెబ్బ లోతుగా దిగాలని అలా చేశారు. దాన్ని రూపొందించిన జాన్ గాస్పార్డ్ లీ మర్షాంట్ అనే అశ్వికదళ అధికారి, బర్మింగ్‌హామ్ కత్తుల తయారీదారు హెన్రీ ఆస్‌బర్న్‌తో కలిసి పనిచేశాడు. ఇప్పుడు మీ మూడో ఫోటో చూడండి. వాదరకు అవతలి పక్క, వీపు మీద, పిడికి దగ్గర్లో "ఓ, ఎస్, బి" అని మూడు ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయి కనిపిస్తున్నాయని రాశారు. ఆ నమూనా కత్తుల మీద తయారీదారు పేరు కొట్టే చోటు అదే. మిగతా అక్షరాలు పిడి కిందకు పోయి ఉండొచ్చు, లేదా సాన పట్టీ పట్టీ అరిగిపోయి ఉండొచ్చు. అలుగు చెంప మీద కిరీటం, దాని కింద అంకె ఉన్నాయన్నారు కదా, అది సర్కారు తనిఖీదారు పరీక్షించి వేసిన ముద్ర. రాజముద్ర కాదు. నిజాంకీ దానికీ సంబంధం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1796 ఆకారం ఇంగ్లండులో 1821లో అధికారికంగా మారినా, హిందుస్థానీ అశ్విక దళాలకు అది నచ్చడంతో ఆ పోలిక కత్తులు 19వ శతాబ్దమంతా ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాతి వాటి మీద బాణం గుర్తుతో పాటు "ఐ, ఎస్, డి" అని ఉంటుంది. ఇండియా స్టోర్ డిపార్ట్‌మెంట్ అని అర్థం. అది కనిపిస్తే 1858 తర్వాతి మాట. మీ ఫోటోల్లో అది కనబడలేదు. పిడి అంచుకు ఆనుకుని ఉన్న ఆ నల్లటి మేర మీద టార్చిలైటు ఏటవాలుగా వేసి మరోసారి చూడండి. నా అంచనా మారేది ఆ ఒక్క గుర్తు దొరికితేనే.

ఇంగ్లీషు అలుగుకు మన పిడి ఎందుకు? నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువ రాస్తాను.

కెప్టెన్ లూయీ నోలన్ అని ఒక బ్రిటిష్ అశ్వికదళ అధికారి ఉండేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసినవాడు. 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర చనిపోయాడు. అంతకు ముందు ఏడాదే అశ్వికదళాల మీద ఒక పుస్తకం వేశాడు. నిజాం రాజ్యంలోని ఇర్రెగ్యులర్ అశ్విక దళానికీ తిరుగుబాటుదారులకూ జరిగిన ఒక కొట్లాట గురించి అందులో రాశాడు. గాయాలు చూసిన డాక్టరు రిపోర్టులో ఒక్క వేటుకు తెగిన తలలు, చేతులు, మణికట్లు ఉన్నాయట. ఇంత దెబ్బ కొట్టే కత్తులేమిటా అని ఆరా తీస్తే, అవి బ్రిటిష్ దళాలు పనికిరావని పక్కన పడేసిన పాత కత్తులేనని తేలింది. సవార్లు వాటికి తమ పద్ధతిలో చిన్నగా, బల్లపరుపుగా ఉండే లోహపు పిడులు తొడిగించుకున్నారు. మొదలు నుంచి మొన దాకా మంగలికత్తిలా పదును పెట్టుకున్నారు. చెక్క ఒరల్లో దాచుకున్నారు.

కీలకం ఆ చెక్క ఒరే. బ్రిటిష్ సవారు కత్తి ఇనుప ఒరలో ఉండేది. గుర్రం పరిగెత్తినంతసేపూ అలుగు ఇనుముకు రాసుకుని మొద్దుబారిపోయేది. మనవాళ్ళు కత్తి వాడాల్సినప్పుడే దూసేవాళ్ళు, మిగతా వేళ చెక్కలో పడి ఉండేది. వేటు ఎలా వేయాలో మీకు నేర్పుతారా అని నోలన్ ఒక ముసలి సవారును అడిగితే, నేర్పడమేమీ లేదు దొరా, పదునైన కత్తి ఎవరి చేతిలోనైనా తెగుతుంది అన్న అర్థంలో జవాబిచ్చాడట.

ఇప్పుడు మీ ఉత్తరం చివర మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం దగ్గరకు వద్దాం. "మా నాయనమ్మ వాళ్ళ మామగారి తాత రిసాలాలో ఉండేవాడట" అన్నారు. రిసాలా అంటే గుర్రపు దళం. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో విలువైన మాట అది. బ్రిటిష్ అధికారుల కింద నిజాం ఖర్చుతో నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ అశ్విక దళాలు బొల్లారం, హింగోలి, మోమినాబాద్ లాంటి ఛావనీల్లో, అంటే సైనిక స్థావరాల్లో, ఉండేవి. బొల్లారంలో రిసాలా బజార్ అన్న పేరు ఇప్పటికీ ఉంది. ఆ దళాలు సిలేదారీ పద్ధతిలో నడిచేవి. గుర్రం, కత్తి, సామాను సవారే సొంతంగా తెచ్చుకోవాలి, జీతం అందుకు తగ్గట్టు ఇస్తారు. కత్తి సొంతమైతే పిడి తనకు నచ్చినట్టు మార్పించుకుంటాడు. నౌకరీ అయిపోయాక ఇంటికి తీసుకుపోతాడు. అలా వచ్చిన కత్తి మీ అటక మీదకు చేరిందనడానికి ఈ వస్తువూ మీ నాయనమ్మగారి మాటా ఒకదానికొకటి సరిపోతున్నాయి. రుజువైందని అనను. కానీ వెతకడానికి సరైన దారి ఇదే.

పిడి మార్చడం పెద్ద పని కూడా కాదు. తల్వార్ పిడిని మేకులు కొట్టి బిగించరు. పిడి లోపల బోలుగా ఉంటుంది. లక్కలో ఇటుకపొడి లాంటిది కలిపి కరిగించి పోసి, అలుగు తోకను వేడిచేసి అందులోకి దింపుతారు. చల్లారితే రాయిలా పట్టేస్తుంది. మళ్ళీ వేడి తగిలితే ఊడొస్తుంది. అందుకే ఈ కత్తిని ఎండలో పెట్టకండి, పొయ్యి దగ్గర ఉంచకండి. లోపల ఏముందో చూద్దామని పిడి ఊడదీసే ప్రయత్నం అసలే వద్దు.

కాకతీయుల సంగతి. పైన పళ్ళెం లాంటి గుండ్రటి బిళ్ళ, మధ్యలో ఉబ్బెత్తుగా పట్టు, కింద రెండు పక్కలా పొట్టి అడ్డకమ్మీలు, అలుగు మీదకు దిగిన చిన్న నాలుకలు, ఇదంతా మొగలుల కాలంలో స్థిరపడిన ఆకారం. కాకతీయ రాజ్యం 1323లోనే పోయింది. వాళ్ళ నాటి కత్తులు ఎలా ఉండేవో చూడాలంటే రామప్ప గుడి శిల్పాల్లో యోధుల చేతుల్లోవి చూడండి. పిడి తీరే వేరు. మన దగ్గర దొరికిన ప్రతి పాత కత్తినీ కాకతీయులకో, రాయల వారికో, బొబ్బిలి యుద్ధానికో అంటగట్టడం అలవాటైపోయింది. మీ మేనమామగారితో వాదం పెట్టుకోకండి గానీ, రామప్ప ఫోటో ఒకటి చూపించండి.

దర్బారు ఇనాం ఎందుకు కాదంటే, అలాంటి కత్తికి పిడి మీద కోఫ్త్‌గరీ, అంటే ఇనుము మీద బంగారం, వెండి అద్దే పని ఉంటుంది, లేదా పచ్చరాతి పిడి, మఖ్మల్ ఒర, అలుగు మీద ఫార్సీ రాత, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. మీది సాదా ఇనుప పిడి. అయినా ఒక చిన్న పరీక్ష చేయండి. భూతద్దంతో బిళ్ళ అడుగు భాగం, పట్టు మూలలు చూడండి. వెండి రేకు అంటుకోవడానికి ఇనుము మీద ముందుగా సన్నటి అడ్డగీతలు గీస్తారు. వెండి పోయినా ఆ గీతలు మిగులుతాయి. గీతలుంటే ఒకప్పుడు వెండి పని ఉన్నట్టే. జీతం బాగా వచ్చే సవారు తన పిడికి కొంచెం వెండి చేయించుకోవడం మామూలే, అంతమాత్రాన దర్బారు దాకా పోనక్కర్లేదు.

కోనసముద్రం ఉక్కు. ఇది చాలామంది అడుగుతారు. మూసల్లో కరిగించి తీసిన ఆ ఉక్కు పేరు దూరదేశాల్లో మోగిన మాట నిజం. 1820ల్లో డాక్టర్ హెన్రీ వోయ్సీ అనే బ్రిటిష్ వైద్యుడు అక్కడికి వెళ్ళి కొలుముల పని చూసి రాసిపెట్టాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడ ఉక్కు కొనుక్కుపోయే హాజీ హుసేన్ అనే వర్తకుణ్ణి కలిశాడు కూడా. అయితే గమనించండి, ఆ వర్తకులు కొన్నది ఉక్కు ముద్దల్ని, కత్తుల్ని కాదు. ముద్దలు ఇరాన్ వెళ్ళి అక్కడ అలుగులయ్యేవి. కాబట్టి ఊరు దగ్గరన్న కారణంతో కత్తి ఆ ఉక్కుదని అనలేం, ఇస్ఫహాన్‌లో చేసిన అలుగులో మన కోనసముద్రం ఉండొచ్చు. ఆ ఉక్కును కంటితో పట్టే గుర్తు అలుగు మీద నీటి అలల్లా కదిలే సన్నని చార. శుభ్రంగా ఉన్న చోట ఏటవాలు వెలుతురులో కనిపిస్తుంది. మీ అలుగు ఏకరీతి ఉక్కు, చార ఉండదు. చార తేలుతుందేమో చూద్దామని ఆసిడ్ పూసేవాళ్ళున్నారు. మీరు పూయకండి.

మీ కత్తి మీద లేకపోయినా ఇది చదివే మిగతావాళ్ళ కోసం రాతల గురించి రెండు మాటలు. ఫార్సీలో "అమలె అసదుల్లా ఇస్ఫహానీ" అని ఉందని సంబరపడి వచ్చేవాళ్ళను చాలామందిని చూశాను. ఇరాన్ చక్రవర్తి షా అబ్బాస్ కాలపు కమ్మరిగా చెప్పుకునే ఆయన పేరు అది. ఆ పేరున్న అలుగులు ఒక మనిషి జీవితకాలంలో పట్టనన్ని ఉన్నాయి, వాటి మీది తేదీలు రెండు వందల ఏళ్ళకు పైగా పరుచుకుని ఉన్నాయి. అది సంతకం కాదు, మంచి సరుకన్న గుర్తు. నాలుగు గళ్ళలో 2, 4, 6, 8 అంకెలున్న చిన్న చతురస్రం కనిపిస్తే అది రక్షగా వేసిన యంత్రం, తేదీ కాదు. కొడవలి ఆకారంలో ఎదురెదురుగా రెండు వంపులు, వాటి చుట్టూ చుక్కలుంటే అది యూరప్ ముద్ర. దాన్ని మన కమ్మరులు కూడా ధారాళంగా కాపీ కొట్టారు. రాత కన్నా ముందు ఆకారాన్ని నమ్మండి. రాత ఎవరైనా తర్వాత కొట్టించొచ్చు.

నిజంగా మాట్లాడే ముద్రలు వేరే ఉన్నాయి. డల్లాస్‌లో ఉండే ఒక తెలుగాయన వేలంలో కొన్న కటారి ఫోటోలు పంపారు. ఇనుము మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన నాగరి అక్షరాలున్నాయి, అర్థమేమిటన్నారు. అది బికనీర్ కోట ఆయుధాగారం లెక్క గుర్తు. 17వ శతాబ్దం చివర్లో ఔరంగజేబు సైన్యం ఆదోనిని తీసుకున్నప్పుడు బికనీర్ రాజు అనూప్ సింగ్ అక్కడున్నాడు. ఆదోని కోటలోని ఆయుధాలు పెద్ద ఎత్తున బికనీర్ వెళ్ళాయి. చుక్కల అక్షరాల్లో ఆదోని పేరున్నవి కూడా ఉన్నాయి. ఆయన తల్లిగారిది ఎమ్మిగనూరు అట. పక్క ఊరి కోటలో ఉన్న వస్తువు కావొచ్చని చెబితే కాసేపు నమ్మలేదు. ఆయన కటారి మీద ఆదోని పేరు లేదు కాబట్టి "కావొచ్చు" దగ్గరే ఆగమన్నాను.

ఇక కాగితాలు ఎలా వెతకాలి. మొదటి పని ఆర్కైవ్స్‌లో కాదు, మీ ఇంట్లో. నాయనమ్మగారిని కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేయండి. "ఈ కత్తి ఎవరిది" అని అడగకండి, అలా అడిగితే అందరూ చెప్పే కథే వస్తుంది. దసరాకు ఎవరు తీసేవారు, ఎక్కడ పెట్టేవారు, ఒర ఉండేదా, ఏ రంగు, రిసాలా ఆయనకు పింఛను వచ్చేదా, ఎక్కడికి వెళ్ళి తెచ్చుకునేవాడు, ఇలా అడగండి. పింఛను మాట వస్తే కాగితం ఉన్నట్టే లెక్క. పాత భోషాణంలో ఉర్దూ, ఫార్సీ, మోడీ (పాత మరాఠీ గొలుసుకట్టు లిపి) కాగితాలుంటే చదవడం రాదని పారేయకండి. తేదీ దొరికితే ముందు అది హిజ్రీనా, పంటల లెక్కన నడిచే ఫసలీనా చూడండి. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హిజ్రీ 1215 అయితే 1800-01. రెండూ కలగాపులగం చేస్తే కొన్నేళ్ళ తేడా వస్తుంది.

పేరు, ఛావనీ తెలిశాక బయటకు వెళ్ళండి. హైదరాబాద్ రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) కాగితాలు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అభిలేఖ్ పటల్ అన్న వాళ్ళ వెబ్‌సైట్‌లో కొన్ని ఇంట్లో కూర్చునే చూడొచ్చు. కంటింజెంట్ సైనిక వ్యవహారాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో వెతకాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల నాటి ఫార్సీ కాగితాలు విస్తారంగా ఉన్నాయి. సైనికుడి ముఖకవళికలు, గుర్రం రంగు, మచ్చలు రాసిపెట్టిన హాజరు పత్రాలు కూడా వాటిలో ఉన్నాయి, చూస్తే ముచ్చటేస్తుంది. మీ కత్తికి మాత్రం అవి పాతవి. పోల్చి చూడటానికి సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది ఒకసారి తీరిగ్గా తిరగండి. పిడులు మాత్రమే చూస్తూ ఒక చుట్టు, అలుగులు మాత్రమే చూస్తూ ఇంకో చుట్టు.

శుభ్రం చేయడం. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, ఇత్తడి సామాను తోమే ద్రావణాలు వద్దు, ఎమరీ పేపర్ అసలే వద్దు. అలుగు మీది ముదురు గోధుమ నలుపు తుప్పు కాదు, వయసుతో వచ్చిన పొర. దాన్ని తోమేస్తే "ఓ, ఎస్, బి" కూడా పోతుంది. గోకితే పొడిగా రాలే ఎర్రటిదే తుప్పు. దాని మీద కుట్టుమిషను నూనె చుక్క వేసి రెండు మూడు రోజులుంచి, మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. వెదురు పుల్లతో నెమ్మదిగా గీరొచ్చు. మీ రెండో ఫోటోలో అలుగు మధ్యలో వరసగా చిన్న గుండ్రటి గుంటలున్నాయి. అవి యుద్ధంలో పడినవి కావు. దసరాకు నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే పులుపు తినేసిన చోట్లు. బిళ్ళ కింద నూనెతో గడ్డకట్టిన కుంకుమ పసుపు పొర ఉంది, దాన్ని అలాగే ఉంచండి. ఎన్నో దసరాలు ఈ కత్తి మీ ఇంట్లో పూజలో ఉందనడానికి ఉన్న భౌతిక సాక్ష్యం అది. ఇకమీదట బొట్టు కత్తిని చుట్టిన గుడ్డకు పెట్టండి, నిమ్మకాయ పక్కన పెట్టండి.

అమ్మకం, చట్టం. లక్షలు ఆశించకండి. ఇలా పిడి మారిన 1796 అలుగులు అరుదైనవేమీ కావు. కుటుంబ చరిత్ర కాగితాలతో సహా నిలబడితే కాస్త మెరుగు. కత్తులు 1959 ఆయుధ చట్టం కిందకు వస్తాయి, 2016 నియమాల్లో ఐదో వర్గంలో ఉన్నాయి. దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాలా అన్నది మీ ప్రాంతానికి ప్రభుత్వ ప్రకటన ఉందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే స్థానిక పోలీసు స్టేషన్లో ఫోటోతో కాగితం ఇచ్చి రశీదు తీసుకోవడం మేలు. వందేళ్ళు దాటిన వస్తువు కాబట్టి 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు గోడకు తగిలించుకుంటానన్నాడని రాశారు, అది కుదరదు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టడం కూడా వద్దు. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి.

మళ్ళీ ఫోటోలు పెట్టేటప్పుడు ఇవి కావాలి: పిడికి ఆనుకున్న నాలుగంగుళాల మేర రెండు పక్కలా, ఫ్లాష్ లేకుండా, పక్కనుంచి వెలుతురు పడేలా. వీపు మీది అక్షరాలు, పక్కన స్కేలు పెట్టి. బిళ్ళ పైభాగం, అడుగుభాగం. వీపు మందం పిడి దగ్గర ఎంత, మొనకు నాలుగంగుళాల ముందు ఎంత, మిల్లీమీటర్లలో. వీలైతే మొత్తం బరువు కూడా. "ఐ, ఎస్, డి" ఉందా లేదా అన్నది ఆ మొదటి ఫోటోలోనే తేలిపోతుంది.